మా మావయ్య లీనియా: ఉద్దానం రోడ్ల మీద ఒక ఇటలీ కారు

ప్రతి శనివారం పొద్దున్న ఆరింటికి నేను ఒక ఫియట్ లీనియా స్టార్ట్ చేస్తాను. కారు నాది కాదు, మా మావయ్యది. 2012 మోడల్, డీజిల్, లక్షా ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. మావయ్యకి వారానికి మూడు రోజులు డయాలసిస్. మంగళ, గురువారాలు ఊళ్లో ఆటో అతను తీసుకెళ్తాడు. శనివారం డ్యూటీ నాది. శుక్రవారం సాయంత్రం టెక్కలిలో క్లాసులు అవగానే బస్సెక్కి వజ్రపుకొత్తూరు మండలంలోని వాళ్ల ఊరెళ్లిపోతాను. శనివారం పొద్దున్న జీడితోటల మధ్యనుంచి పూండి మీదుగా పలాస. అక్కడ నాలుగు గంటలు మెషిన్ మీద. మళ్లీ అదే దారిలో ఇంటికి.

హాస్టల్లో ఈ సంగతి చెప్తే అందరూ అడిగేది ఒకటే. "లీనియానా? అదేం కారురా?" మా బ్యాచ్‌లో సగం మంది ఆ పేరే వినలేదు. విన్నవాళ్లు "ఇంకా తిరుగుతున్నాయా?" అంటారు. రెండు ప్రశ్నలకీ కలిపి జవాబు రాద్దామనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. ఆ కారు అమ్మేయాలా, ఉంచాలా అని ఇంట్లో ఈ మధ్య పెద్ద చర్చ నడిచింది. మెకానికల్ చదువుతున్నవాడివి, నువ్వు చెప్పు అని అత్త నా మీద పెట్టేసింది. చెప్పాలంటే ముందు ఆ కారేంటో నాకు సరిగ్గా అర్థం కావాలి కదా!

ఇదెక్కడి కారు?

ఫియట్ అంటే మన తాతల కాలంలో బొంబాయి టాక్సీ. ప్రీమియర్ పద్మిని అసలు ఫియట్ 1100 బండే. లీనియా ఆ కుటుంబంలో చాలా తర్వాతి సంతానం. డిజైన్ ఇటలీలో గీశారు. తయారీ మాత్రం ముందు టర్కీలోని బుర్సాలో 2007లో మొదలైంది. తర్వాత బ్రెజిల్, ఆ తర్వాత మన దేశం. ఇక్కడ 2009 జనవరిలో విడుదలైంది. పుణె దగ్గర రంజన్‌గావ్‌లో, టాటాతో కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో చేశారు. అంటే ఇటలీ వాళ్లు తమ ఊరి కోసం కంటే ఎండలు, గతుకులు, పెద్ద కుటుంబాలు ఉన్న దేశాల కోసం చేసిన సెడాన్ ఇది. పొడవు 4.56 మీటర్లు, డిక్కీ 500 లీటర్లు. మావయ్యకి జీడిపప్పు వ్యాపారం ఉన్న రోజుల్లో ఆ డిక్కీలో ఎన్ని డబ్బాలు వెళ్లాయో లెక్కలేదు.

ఇంజిన్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1248 సీసీ, నాలుగు సిలిండర్ల 1.3 మల్టీజెట్. ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి ఉన్న రోజుల్లో 2003లో వచ్చింది. అదే ఇంజిన్ మన దగ్గర మారుతి స్విఫ్ట్, డిజైర్ డీజిల్ బళ్లలోకి, టాటా విస్టా, మాంజాల్లోకి వెళ్లింది. పేర్లు వేరు, గుండె ఒకటే. అందుకే కార్ల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని "భారతదేశపు జాతీయ డీజిల్ ఇంజిన్" అనేవారు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, కార్లలో కామన్ రైల్ డీజిల్ పద్ధతిని ముందు పెంచింది ఫియట్ పరిశోధకులే. తర్వాత దాన్ని బాష్ కంపెనీ తీసుకుని ఉత్పత్తికి తెచ్చింది. 1997లో ఆల్ఫా రోమియో 156లో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. మనం ఐసీ ఇంజిన్స్ పేపర్లో ఐదు మార్కులకి రాసే టాపిక్కు ఈ కారు ఇంటిపేరు లాంటిదన్నమాట.

మొదటి పది నిమిషాల తికమక

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది మామూలు చిన్న కారు మీద. లీనియాలో మొదటి రోజు పలాసలో కుడివైపు తిరగాలని ఇండికేటర్ వేశాను. వాన లేదు, మబ్బు లేదు, వైపర్లు ఆడటం మొదలెట్టాయి. యూరప్ పద్ధతిలో ఇండికేటర్ కాడ ఎడమ పక్కన, వైపర్ కాడ కుడి పక్కన ఉంటాయి. మనకి అలవాటైన జపాన్, కొరియా కార్లలో తిరగేసి. వెనక కూర్చున్న మావయ్య "ఏటిరా, ఎండని తుడుస్తన్నావా?" అన్నాడు. నాలుగు వారాలు పట్టింది చెయ్యి మారడానికి.

రివర్స్ గేరు ఇంకో వింత. గేర్ రాడ్ నాబ్ కింద ఒక రింగు ఉంటుంది. రెండు వేళ్లతో దాన్ని పైకి లాగితే తప్ప రివర్స్ పడదు. పొరపాటున పడకుండా కాపలా అది. ఇది తెలియక మా ఫ్రెండ్ ఒకడు కారుని వెనక్కి తియ్యలేక చివరికి దిగి తోశాడు. పెడల్స్ ఉన్న చోటు ఇరుకు. క్లచ్ మీంచి తీసిన ఎడమ కాలుకి హాయిగా పెట్టుకునే చోటు ఉండదు. ఇంత పొడవు కారులో డ్రైవర్ ఎడమ కాలుని మర్చిపోయారేంట్రా అనిపిస్తుంది.

బదులుగా కొన్ని మంచి తిక్కలు కూడా ఉన్నాయి. ఇంజిన్ ఆపాక లైటు కాడని ఒకసారి లాగితే హెడ్‌లైట్లు కాసేపు వెలిగి ఉంటాయి. కరెంటు లేని రాత్రి గుమ్మం దాకా దారి కనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి చెట్లని కూల్చేసి వెళ్లాక చాన్నాళ్లు కరెంటు లేదు. ఆ రోజుల్లో ఆ కాడ ఎంత పనికొచ్చిందో అత్త ఇప్పటికీ చెప్తుంది.

టర్బో అనే కొలిమి తిత్తి

ఇప్పుడు అసలు విషయం. ఈ కారు నడిపినవాళ్లంతా చెప్పేది ఒకటే. కింద నిద్రపోతుంది, పైన పరుగెడుతుంది. దీన్నే టర్బో లాగ్ అంటాం. పుస్తకంలో చదివితే ఒక వాక్యం. వెనక సీట్లో డయాలసిస్ అయిన మనిషి ఉంటే అది వేరే సంగతి.

కమ్మరి కొలిమి చూశారా? తిత్తి ఊదితే గాలి ఎక్కువ వెళ్తుంది, బొగ్గు బాగా మండుతుంది. టర్బో కూడా తిత్తే. కాకపోతే దాన్ని ఊదే మనిషి ఉండడు. ఇంజిన్ లోంచి బయటికి పోయే పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో చివరనున్న చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి తోస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పొగ తక్కువ. పొగ తక్కువైతే తిత్తి ఆడదు. తిత్తి ఆడకపోతే 1248 సీసీ ఇంజిన్ ఒక్కటే పన్నెండు వందల కిలోలు దాటిన కారుని లాగాలి. అందుకే కింద బద్ధకం.

ఈ 90 హార్స్‌పవర్ రకంలో ఫియట్ వాళ్లు వేరియబుల్ జామెట్రీ టర్బో పెట్టారు. బోరు నీళ్ల పైపు చివర బొటనవేలు పెట్టి నొక్కితే నీళ్లు దూరం పోతాయి కదా. అదే కిటుకు. పొగ తక్కువ ఉన్నప్పుడు చక్రం చుట్టూ ఉన్న చిన్న రెక్కలు దారిని ఇరుకు చేస్తాయి, పొగ వేగంగా తగులుతుంది. ఎక్కువైనప్పుడు తెరుచుకుంటాయి. లాగ్ తగ్గుతుంది, పూర్తిగా పోదు. నా లెక్కలో పద్దెనిమిది వందల ఆర్‌పీఎం కింద ఒక కారు, పైన ఇంకో కారు.

ఉద్దానంలో ఊరికో స్పీడ్‌బ్రేకర్, కొన్ని ఊళ్లకి నాలుగు. మూడో గేర్లో పాతికకి దిగి బ్రేకర్ దాటామనుకోండి, ఆర్‌పీఎం వెయ్యి దగ్గర ఉంటుంది. ఆక్సిలరేటర్ నొక్కితే ఏమీ జరగదు. ఇంకా నొక్కుతాం. రెండు సెకన్లాగి తిత్తి ఒక్కసారి ఊదుతుంది, కారు ముందుకి దూకుతుంది. వెనక మనిషి తల సీటుకి కొట్టుకుంటుంది. మొదటి నెల ప్రతి శనివారం ఇదే జరిగింది. ఒకసారి తిరుగు ప్రయాణంలో మావయ్య కారాపమని, రోడ్డు పక్కన జీడిచెట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

మందు తేలికే. బ్రేకర్ ముందే రెండో గేరు. పాతికలో రెండో గేరైతే ఆర్‌పీఎం పదహారు వందల దాకా ఉంటుంది, టర్బో సగం మేలుకునే ఉంటుంది. కాలు మెల్లగా పెంచితే కారు మెల్లగానే లేస్తుంది. "ఇన్ని గేర్లు మార్చడం దేనికి, మూడోదిలోనే లాగించొచ్చుగా" అనేవాళ్లు చాలామంది ఉంటారు. పెద్ద పెట్రోల్ ఇంజిన్‌తో లాగించొచ్చు. చిన్న డీజిల్ టర్బోతో కుదరదు.

స్ప్రింగు వేరు, డాంపర్ వేరు

కొత్తగా ఎక్కినవాళ్లు "సీటు గట్టి, బండి గట్టి" అంటారు. ఇరవైలో చిన్న గతుకులు నిజంగానే కొంచెం తెలుస్తాయి. కానీ యాభైలో పెద్ద గుంత పడితే చూడండి. దడ్ అని ఒక శబ్దం, ఒకే ఒక్క ఊపు, అంతే. కారు మళ్లీ సాఫీగా ఉంటుంది.

కారణం ఇదీ. స్ప్రింగు గుంత దెబ్బని తీసుకుంటుంది, కానీ తీసుకున్న శక్తిని దాచుకుని మళ్లీ తిరిగిచ్చేస్తుంది. దాన్ని ఆపే పని డాంపర్‌ది, అంటే మనం షాక్ అబ్జార్బర్ అని పిలిచేదానిది. లోపలి నూనె సన్న కంతల్లోంచి పోతూ ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. స్ప్రింగు మెత్తగా ఉండి డాంపర్ బలహీనమైతే షోరూం ముందు నడిపినప్పుడు హాయిగా ఉంటుంది. పది కిలోమీటర్లయ్యాక ఉయ్యాలలో కూర్చున్నట్టుంటుంది. ఫియట్ వాళ్లు డాంపర్ వైపు మొగ్గారు. ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్. కాగితం మీద కొత్తదేమీ కాదు, చిన్న కార్లలో ఉండేదే. తేడా అంతా ఆ నూనె కంతల లెక్కలో ఉంది.

మనిషి శరీరం గురించి కూడా ఒక ముక్క. వైబ్రేషన్స్ క్లాసులో చెప్పారు. కూర్చున్న మనిషికి కింది నుంచి పైకి వచ్చే కుదుపుల్లో సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చేవి ఎక్కువ ఇబ్బంది పెడతాయి. కార్ల బాడీని అందుకే అంతకన్నా బాగా తక్కువ, సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా చేస్తారు. మనం నడిచే ఊపుకి దగ్గర అది. కడుపులో తిప్పే కుదుపు మాత్రం వేరే జాతి. అది రెండు సెకన్లకి ఒకటి, ఐదు సెకన్లకి ఒకటి, ఇంకా నెమ్మదిగా వచ్చే ఊపు. బ్రేకు, ఆక్సిలరేటర్, మలుపు, మళ్లీ బ్రేకు. ఇది సస్పెన్షన్ పని కాదు. ఇది డ్రైవర్ చేసేది. మావయ్య వాంతికి గతుకులు కారణం అనుకున్నాను. కారణం నా కుడి కాలు.

నీళ్ల బాటిల్ పరీక్ష

డయాలసిస్ వాళ్లకి నీళ్లు కొలిచి తాగాలని ఆంక్ష ఉంటుంది. మావయ్య రోజుకి ఇన్ని అని లెక్కపెట్టుకుని, ప్రయాణానికి ఒక చిన్న బాటిల్‌లో సగం నీళ్లే తెచ్చుకుంటాడు. దాన్ని వెనక డోర్ జేబులో నిలబెడతాడు. ఒకరోజు ఆ నీళ్లు పక్కకి వాలడం అద్దంలో చూసి నాకు ఐడియా వచ్చింది.

నీటి ఉపరితలం ఎంత వాలిందో చూస్తే కారు త్వరణం తెలిసిపోతుంది. వాలు కోణం టాన్ విలువ, త్వరణాన్ని గురుత్వ త్వరణంతో భాగిస్తే వచ్చేదానికి సమానం. ఇంటర్ ఫిజిక్సే. సెకను వర్గానికి ఒక మీటరు త్వరణమైతే నీరు ఆరు డిగ్రీలు వాలుతుంది. ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పు బాటిల్‌లో రెండు అంచుల మధ్య అర సెంటీమీటరు పైచిలుకు తేడా. రెండు మీటర్లైతే పదకొండు డిగ్రీలు దాటుతుంది, బాగా కనిపిస్తుంది. ఆరు డిగ్రీలు దాటకూడదని మేమిద్దరం రూలు పెట్టుకున్నాం.

రూలు పెట్టుకోవడం తేలిక. అరవైలో వెళ్తున్న కారు సెకనుకి 16.7 మీటర్లు పోతుంది. ఈ రూలు ప్రకారం ఆపాలంటే దాదాపు 140 మీటర్లు కావాలి. అంటే ఆవు కనిపించాక బ్రేకు వేస్తే రూలు పోయినట్టే. ఆవు రాబోయే చోటు ముందే కనిపెట్టాలి. మలుపు కూడా అంతే. అరవై మీటర్ల వ్యాసార్థమున్న మలుపుని నలభైలో తిరిగితే పక్కకి రెండు మీటర్ల త్వరణం. ముప్పైకి దిగితే 1.2. వేగం పావు వంతు తగ్గిస్తే తోపు సగానికి దగ్గరగా తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ వేగానికి వర్గం ఉంది. ఫార్ములాలో రెండు అనే ఆ చిన్న అంకె ఎందుకుందో నాకు పూండి దగ్గర మలుపులో అర్థమైంది.

ఆవు నిజంగానే అడ్డమొస్తే రూలు గాలికి, బ్రేకు పూర్తిగా. అది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి నేర్చుకున్నాను. మావయ్యకి ఫిస్టులా ఎడమ చేతికి ఉంది. ఆ చేతి మీద బరువు, ఒత్తిడి పడకూడదు. ముందు సీట్లో కూర్చుంటే బెల్టు ఎడమ భుజం మీంచి వస్తుంది. అందుకే నా వెనక, కుడి పక్క సీట్లో కూర్చుంటాడు. అక్కడ బెల్టు కుడి భుజం మీంచి వస్తుంది, ఎడమ చేతికి ఖాళీ. డయాలసిస్ పేషెంట్లని తీసుకెళ్లే ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. మన ఉద్దానంలో అలాంటివాళ్లు తక్కువేం లేరు. ఇన్నేళ్లయినా ఇక్కడి కిడ్నీ జబ్బుకి ఇదీ కారణమని ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చాక దారి దగ్గరైంది. కానీ దారి అయితే ఉంది, వారానికి ఆరుసార్లు, రానూ పోనూ.

హైవే మీద

వీల్ అలైన్‌మెంట్ కోసం ఒకసారి కారుని టెక్కలి తెచ్చాను. పలాస నుంచి 16వ నంబరు హైవే మీద ముప్పై కిలోమీటర్లు. ఈ కారు అసలు మనసు అక్కడ తెలుస్తుంది. స్టీరింగు హైడ్రాలిక్. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు నూనెని నెట్టి సాయం చేస్తుంది. కాశీబుగ్గ బజారులో యూ టర్న్ కొడితే భుజాలు నొప్పి పుడతాయి, ఎలక్ట్రిక్ స్టీరింగ్ కార్లంత తేలిక కాదు. అదే స్టీరింగ్ ఎనభైలో నిటారుగా నిలబడుతుంది. రోడ్డు గరుకో నునుపో చేతికి చెప్తుంది. గ్రానైట్ బండలు కట్టుకుని పోయే లారీని దాటేటప్పుడు గాలి దెబ్బ తగిలినా బెసకదు. టర్బో ఇక్కడ పూర్తిగా మేలుకుని ఉంటుంది కాబట్టి నాలుగో గేర్లో దాటెయ్యడం నిమిషం పని. మైలేజి నాకు లీటరుకి పదిహేడు వచ్చింది.

అమ్మాలా, ఉంచాలా?

లీనియా అమ్మకాలు పోను పోను తగ్గాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికి మన దేశంలో ఫియట్ పేరుతో కొత్త కార్లు లేవు, ఆ డీజిల్ ఇంజిన్ కూడా ఆగిపోయింది. కాబట్టి పాత బండికి బేరం రాదు. ఒకాయన వచ్చి చూసి చెప్పిన రేటుకి మంచి బైకు కూడా రాదు. ఇంజిన్ సామాన్లకి దిగులు లేదు, స్విఫ్ట్ వాళ్ల పుణ్యమా అని ఎక్కడైనా దొరుకుతాయి. బాడీ సామాన్లే కష్టం. ఆంబోతు ఒకటి కొమ్ముతో ఎడమ అద్దం విరగ్గొడితే కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. సముద్రపు ఉప్పుగాలికి డోర్ల కింద తుప్పు మొదలైంది. పైగా 2027కి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు నిండుతుంది. ఫిట్‌నెస్ చేయించి ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ చేయించాలి.

బావ, అంటే మావయ్య కొడుకు, చెన్నై నుంచి ఫోన్ చేసి "అమ్మేసి ఒక చిన్న కొత్త కారు తీసుకోండి, వాయిదాలు నేను కడతా" అన్నాడు. మాట మంచిదే. అందుకని ఒక శనివారం తెలిసినవాళ్ల కొత్త చిన్న కారు అడిగి అందులో తీసుకెళ్లాను. స్టీరింగ్ వెన్న, గేర్లు వెన్న, తెర మీద మ్యాపు. నాకు చాలా నచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మావయ్య దారంతా ముందు సీటు వీపు పట్టుకునే కూర్చున్నాడు. ఆ తర్వాతి శనివారం మళ్లీ లీనియా. నాలుగు గంటల మెషిన్ తర్వాత, పలాస దాటిన పది నిమిషాలకి, అద్దంలో చూస్తే తల పక్కకి వాల్చి నిద్రపోతున్నాడు. డోర్ జేబులో బాటిల్ నిటారుగా ఉంది.

అత్తకి నా రిపోర్టు ఇచ్చాను. 2027 దాకా ఉంచుదాం, తుప్పు గీకించి పెయింటు వేయిద్దాం, వెనక బుష్‌లు, డాంపర్లు ఇప్పుడే మార్పిద్దాం. ఆ తర్వాతి సంగతి ఫిట్‌నెస్ పరీక్ష అప్పుడు చూద్దాం. ఖర్చు చూసి అత్త మూతి ముడిచింది గాని ఒప్పుకుంది. డాంపర్లు పోయిన వారమే వేయించాం.

కొత్త డాంపర్లతో మొదటి ప్రయాణం మొన్న శనివారం అయింది. ఇంటి ముందు ఆపి, "ఎలాగుంది మావయ్యా?" అనడిగాను. బాటిల్ తీసి చూసి, మిగిలిన రెండు గుక్కలు తాగి, "ఆ పూండి మలుపులో ఒక్కసారి వాలిందిరా. ఒచ్చే వారం సరి సెయ్యి" అన్నాడు.